దొంగతనం నింద పడినప్పుడు

ఒకరోజు ఇషా నమాజు అయ్యాక, అందరూ వెళ్ళిపోయిన తర్వాత ఒక సోదరుడు మస్జిద్ వసారాలో నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఆటో నడుపుకొని సంసారం నెట్టుకొస్తున్న మనిషి. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తల వంచుకొని, "భాయ్ సాబ్, మా వాడి మీద దొంగతనం కేసు పెట్టారు" అన్నారు.

కుర్రాడికి ఇరవై ఏళ్ళు. సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. దుకాణంలో మూడు కొత్త ఫోన్లు కనిపించలేదు. తాళాలు తీసేదీ వేసేదీ ఈ అబ్బాయే. యజమాని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. వాళ్ళు కుర్రాణ్ణి స్టేషన్‌కు పిలిచి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి, మళ్ళీ రమ్మన్నప్పుడు రావాలని నోటీసు ఇచ్చి పంపారు.

ఆ తండ్రి నన్ను అడిగినవి మూడు మాటలు. "వాడు తియ్యలేదంటున్నాడు. తియ్యకపోతే అల్లాహ్‌యే కాపాడతాడు కదా, ఇక వకీలు దేనికి? ఒకవేళ తీసి ఉంటే, దొంగను తప్పించడానికి వకీలును పెట్టడం నాకు పాపం కాదా? మా బావమరిది అంటాడు, యజమాని మన మతంవాడు కాదు, కావాలనే మనవాణ్ణి ఇరికించాడు, ఎంత ఖర్చయినా సరే, ఏ అబద్ధం చెప్పయినా సరే కేసు కొట్టేయించాలని. నన్ను ఏం చెయ్యమంటారు?"

ఆయన అనుమతితోనే, ఊరూ పేర్లూ చెప్పకుండా ఈ సంగతి రాస్తున్నాను. ఎందుకంటే ఈ మూడు ప్రశ్నలు ఆయన ఒక్కరివే కావు. ఇంట్లో నగ కనిపించకపోతే పనిమనిషి మీద, కొట్లో లెక్క తేలకపోతే గుమాస్తా మీద, వీధిలో బండి పోతే కొత్తగా వచ్చిన కుర్రాడి మీద నింద పడుతూనే ఉంటుంది. ఈరోజు మనం నింద వేసేవాళ్ళం కావచ్చు, రేపు నింద పడ్డవాళ్ళం కావచ్చు. రెండు చోట్లా ఇస్లాం మన నుంచి ఏమి కోరుతోందో తెలుసుకోవాలి.

నింద వేరు, నేరం వేరు

మస్జిదె నబవీ ఆవరణలో చిన్న గుడారం వేసుకొని ఉన్న ఒక స్త్రీ గురించి హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. ఆమె ఒక అరబ్బు తెగవారి దగ్గర బానిసగా ఉండి విడుదల పొందిన నల్లజాతి మహిళ. ఒకనాడు ఆ ఇంటి పిల్ల ఎర్రటి తోలు నడికట్టును తీసి పెట్టింది, లేదా అది జారిపడింది. గద్ద దాన్ని మాంసం ముక్క అనుకొని తన్నుకుపోయింది. నడికట్టు కనిపించకపోయేసరికి ఇంటివాళ్ళు ఈమెనే అనుమానించారు. ఆమె మర్యాద కూడా చూడకుండా ఒళ్ళంతా వెతికారు. ఆమె అలా నిలబడి ఉండగానే గద్ద తిరిగి వచ్చి ఆ నడికట్టును వాళ్ళ మధ్యలో పడేసింది. ఆమె ఆ ఇల్లు విడిచి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి ఇస్లాం స్వీకరించింది. ఆ రోజును మాత్రం ఆమె మరచిపోలేదు. హజ్రత్ ఆయిషా (రజి) దగ్గర కూర్చున్నప్పుడల్లా దాన్నే తలచుకునేది.

ఆమె కోసం గద్ద తిరిగి వచ్చింది. అందరి విషయంలోనూ అలా జరగదు. అందుకే షరీఅత్ నింద పడ్డవాడి రక్షణను అద్భుతాలకు వదిలిపెట్టలేదు, నియమాలు పెట్టింది. కేవలం దావా వేసినంత మాత్రాన ఇచ్చేస్తూ పోతే మనుషులు ఇతరుల ప్రాణాల మీదా సొత్తుల మీదా దావాలు వేస్తారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. రుజువు చూపే భారం దావా వేసినవాడిదే. హజ్రత్ అలీ (రజి)ని న్యాయమూర్తిగా యమన్‌కు పంపుతూ ఆయన (స) ఇచ్చిన ఉపదేశం కూడా అబూదావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. మొదటివాడి మాట విన్నట్టే రెండోవాడి మాట కూడా వినేవరకు తీర్పు చెప్పకూడదన్నదే దాని సారం. నేటి న్యాయస్థానాల్లో 'డిఫెన్స్' అని పిలుస్తున్నదానికి మూలం ఇదే కదా!

మరి కొట్టి నిజం రాబట్టవచ్చా? అబూదావూద్ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. కొందరి సామాను పోయింది. వాళ్ళు కొందరు నేతపనివాళ్ళను అనుమానించి, అధికారిగా ఉన్న హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) దగ్గరకు తెచ్చారు. ఆయన వాళ్ళను కొన్నాళ్ళు నిర్బంధించి విడిచిపెట్టారు. కొట్టకుండానే ఎలా వదిలేశారని ఫిర్యాదుదారులు నిలదీశారు. దానికి ఆయన, మీరు కోరితే కొడతాను, సొత్తు బయటపడితే సరే, లేకపోతే వాళ్ళకు తగిలినన్ని దెబ్బలూ మీ వీపుల మీద పడతాయి అన్న భావంతో జవాబిచ్చారు. ఇది మీ తీర్పా అని వాళ్ళు అడిగితే, అల్లాహ్ తీర్పు, ఆయన ప్రవక్త తీర్పు అన్నారు. అనుమానితుణ్ణి కొట్టించాలని ఉబలాటపడే ప్రతివాడూ ముందు తన వీపు తడుముకోవాలని దీని అర్థం.

మన దేశ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదు. దాని ఆధారంగా సొత్తు దొరికితే ఆ దొరకడానికి సంబంధించినంతవరకు మాత్రమే మాట చెల్లుతుంది. ఇది 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ ఉంది, దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉంది.

ఒక మనిషి మీదనే కాదు, ఒక్కోసారి ఒక జాతి మీదనే దొంగ అన్న ముద్ర వేస్తారు. తెల్లదొరలు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చారు. పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలను జాబితాలకెక్కించారు. మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా ఎరుకలవారి కోసం ఏర్పడిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952లో రద్దయింది కానీ, ఆ ఊరి పేరు చెబితే ఎగతాళి చేసే నోళ్ళు ఇంకా మూతపడలేదు. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని ఖుర్ఆన్ పదే పదే చెబుతుంటే, తండ్రి చేసిన దానికి కొడుకునూ, ఒకడు చేసిన దానికి కులాన్నీ నిందించే హక్కు మనకెక్కడిది? మన మీద ఇలాంటి ముద్ర పడితే ఎంత బాధపడతామో, ఇతరుల మీద మనం వేసేటప్పుడు అంతే భయపడాలి.

ఒక యూదుని కోసం అవతరించిన ఆయతులు

ఇక ఆ బావమరిది మాట చూద్దాం. 'మనవాడు' అన్న ఒక్క కారణం సరిపోతుందా?

అన్‌నిసా సూరా 105 నుంచి 113 వరకు ఉన్న ఆయతుల నేపథ్యాన్ని చాలామంది వ్యాఖ్యాతలు ఇలా వివరించారు. మదీనాలో బనూ ఉబైరిఖ్ కుటుంబానికి చెందిన తోమా అనేవాడు తనను ముస్లింనని చెప్పుకునేవాడు. అతడు ఒక అన్సారీ ఇంట్లో కవచాన్ని దొంగిలించాడు. దాన్ని పెట్టిన పిండి సంచికి చిల్లు ఉండటంతో దారి పొడవునా పిండి రాలింది. తోమా ఆ కవచాన్ని ఒక యూదుని ఇంట్లో దాచమని ఇచ్చాడు. వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకు సొత్తు యూదుని ఇంట్లో దొరికింది. అతను, నాకిది తోమా ఇచ్చాడు మొర్రో అన్నాడు. తోమా బంధువులు మాత్రం ఒక్కటై ప్రవక్త (స) దగ్గరకు వచ్చి తమవాడు అమాయకుడని, యూదుడే దొంగ అని గట్టిగా వాదించారు. పైకి కనిపించే ఆధారం కూడా యూదునికి వ్యతిరేకంగానే ఉంది. అప్పుడు ఆకాశం నుంచి ఆయతులు దిగాయి. నమ్మకద్రోహుల తరఫున వాదించకూడదని, ఇహలోకంలో వాళ్ళ పక్షాన వాదించినా ప్రళయదినాన అల్లాహ్ ముందు ఎవరు వాదిస్తారని, తాను చేసిన పాపాన్ని నిర్దోషి మీదకు నెట్టేవాడు ఘోరమైన అపనిందనూ పాపాన్నీ మోస్తాడని ఆ ఆయతుల భావం.

సోదర సోదరీమణులారా! కాస్త ఆలోచించండి. ఆనాడు మదీనాలో యూదులతో ముస్లింల సంబంధాలు అంత సాఫీగా లేవు. తోమా ముస్లింల మనిషి, నింద పడ్డవాడు ఇతర మతస్థుడు. అయినా ప్రపంచ ప్రభువు ఒక యూదుని నిర్దోషిత్వాన్ని ప్రళయం వరకు చదవబడే గ్రంథంలో నిలిపాడు. మనవాడా పరాయివాడా అన్న లెక్క అక్కడ చెల్లలేదు. నిజం ఎటు ఉందన్నదే చెల్లింది.

ఈ ఆయతుల్లో రెండు పాఠాలున్నాయి. నింద పడ్డవాడు నిర్దోషి అయితే, సొత్తు అతని ఇంట్లోనే దొరికినా సరే, అతని పక్షాన నిలబడటం దైవకార్యం. దొంగిలించినవాడు మన రక్తమే అయినా, అతని తరఫున అబద్ధమాడటం దైవధిక్కారం. మొదటి పాఠాన్ని గట్టిగా పట్టుకొని రెండోదాన్ని వదిలేసేవాళ్ళు మనలో ఎక్కువ.

వకీలును పెట్టుకోవడం నమ్మకలేమి కాదు

అల్లాహ్ మీద భారం వేసినవాడు వకీలును ఆశ్రయించకూడదా? యూసుఫ్ (అలై) గాథ చదవండి. ఆయన మీద అపనింద పడింది. ఆయన మౌనంగా తల వంచలేదు, నింద నిజం కాదని అక్కడికక్కడే చెప్పారు. చొక్కా ముందు చిరిగిందా వెనుక చిరిగిందా అన్న ఆధారం మీద నిజం తేలింది. అయినా జైలుకు వెళ్ళవలసి వచ్చింది. ఏళ్ళ తర్వాత రాజు విడుదల కబురు పంపితే, ఆయన వెంటనే బయటకు రాలేదు. ముందు ఆ స్త్రీల విషయం విచారించమని దూతను తిప్పి పంపారు. విడుదల కన్నా నిర్దోషిగా విడుదల కావడం ముఖ్యమని ఆయన చూపించారు. ఒక ప్రవక్త కన్నా ఎక్కువ దైవనమ్మకం మనకు ఉందా?

మూసా (అలై)ను తీసుకోండి. ఫిరౌన్ దర్బారుకు వెళ్ళమని ఆజ్ఞ వచ్చినప్పుడు, తన చేతిలో ఒక మనిషి చనిపోయిన సంగతి గుర్తు చేసుకొని భయపడ్డారు. తనకన్నా ధారాళంగా మాట్లాడగల తన సోదరుడు హారూన్‌ను తోడుగా పంపమని ప్రభువును వేడుకున్నారు. ఆయన వెళ్ళింది దైవసందేశం అందించడానికి. అయినా, బలవంతుని ఎదుట నిలబడవలసి వచ్చినప్పుడు మాటనేర్పు ఉన్నవాణ్ణి తోడు కోరడం నమ్మకానికి విరుద్ధం కాదని దీని నుంచి మనం గ్రహించవచ్చు. అసలు 'వకీలు' అన్న మాటే అరబీది. మన పనిని అప్పగించబడినవాడని దాని అర్థం. హజ్రత్ అలీ (రజి) తన వివాదాల్లో అన్నగారైన అఖీల్ (రజి)ని, ఆయన పెద్దవారయ్యాక అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి)ని ప్రతినిధిగా పంపేవారని ధర్మశాస్త్ర గ్రంథాలు పేర్కొన్నాయి.

కాబట్టి ఆ తండ్రికి నేను చెప్పింది, ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లాహ్‌ను నమ్ముకోమని. ఇక మన దేశంలో ఆ కట్టుతాడు ఏమిటో కూడా తెలుసుకోవాలి.

అరెస్టయిన ప్రతి వ్యక్తికీ తనకు నచ్చిన న్యాయవాదిని సంప్రదించే హక్కు, ఇరవై నాలుగు గంటల లోపల మేజిస్ట్రేటు ముందు హాజరుపరచబడే హక్కు రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చింది. ఎందుకు అరెస్టు చేస్తున్నారో చెప్పాలి, ఇంటివాళ్ళకు తెలియజేయాలి. ఏడేళ్ళ వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, అవసరమేమిటో కారణాలు రాయాలని సుప్రీంకోర్టు 2014లో ఆర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఈ అబ్బాయికి నోటీసు ఇచ్చి పంపడం వెనుక ఉన్నది ఆ నియమమే. నోటీసు వచ్చినప్పుడు భయపడి ఊరు విడిచి పారిపోవద్దు. చెప్పిన రోజున తప్పక వెళ్ళాలి. వెళ్ళకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది.

వకీలు ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళ మాటేమిటి? 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసులో ఒక ఘోరం బయటపడింది. బీహారు జైళ్ళలో ఎందరో పేదలు, తమ నేరం రుజువైనా పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గుతున్నారు. జామీను కట్టేవాడు లేడు, అడిగే వకీలు లేడు. పేదవాడికి ఉచిత న్యాయసహాయం దయ కాదు, జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు ఆ సందర్భంలో తేల్చింది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగిలిన పేదలకు ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా వకీలును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయం ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లల్ని లాకప్‌లోనూ జైల్లోనూ పెట్టకూడదు. వాళ్ళ విషయం బాలల న్యాయ మండలి చూడాలి. పిల్లవాడి వయసు రుజువు పత్రం అలాంటి వేళ ఎంత విలువైనదో తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి.

గల్ఫ్‌లో పనిచేసే మన పిల్లల మీద కఫీలు దొంగతనం నింద వేసే సందర్భాలూ ఉంటాయి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకుండా, భారత రాయబార కార్యాలయానికి కబురు చేయమని కోరడం అక్కడ వాళ్ళ హక్కు. 2009లో ఏర్పాటైన భారతీయ ప్రవాసుల సంక్షేమ నిధి నుంచి అర్హులకు న్యాయసహాయం కూడా అందుతుంది. కొడుకును విమానం ఎక్కించే ముందు ఈ మాట చెప్పి పంపండి.

శిక్ష సంగతి

దొంగతనానికి ఖుర్ఆన్ విధించిన శిక్ష అల్‌మాయిదా సూరా 38వ ఆయతులో ఉందని అందరికీ తెలుసు. దాని వెంటనే వచ్చే ఆయతు పశ్చాత్తాపం గురించీ, దిద్దుబాటు గురించీ చెబుతుందని మాత్రం చాలామందికి తెలియదు. ఆ శిక్ష అమలుకు ధర్మశాస్త్రవేత్తలు ఎన్నో షరతులు చెప్పారు. సొత్తు ఒక నిర్ణీత విలువకు చేరాలి. హనఫీ మస్లక్‌లో అది పది దిర్హములు, ఎక్కువమంది ఇమాముల దగ్గర పావు దీనారు. సొత్తు భద్రంగా దాచిన చోటు నుంచి తీసి ఉండాలి. లోపలికి వచ్చిపోయే అనుమతి ఉన్న పనివాడు తీస్తే హనఫీల దగ్గర ఆ శిక్ష వర్తించదు, న్యాయమూర్తి వేరే శిక్ష నిర్ణయిస్తాడు. ఏ మాత్రం సందేహం ఉన్నా శిక్ష ఆగిపోతుంది. సొత్తు దొరకని ఒక వ్యక్తి తనంతట తానే నేరం ఒప్పుకున్నప్పుడు, నువ్వు దొంగిలించి ఉంటావని అనుకోనంటూ దైవప్రవక్త (స) రెండు మూడు సార్లు అతనికి వెనక్కి తగ్గే అవకాశమిచ్చారు.

హిజ్రీ 18వ సంవత్సరపు కరువులో హజ్రత్ ఉమర్ (రజి) ఈ శిక్షను ఆపివేశారు. మరో సందర్భంలో, ఆకలితో ఒంటెను దొంగిలించి కోసుకు తిన్న పనివాళ్ళను శిక్షించకుండా, వాళ్ళకు కడుపునిండా తిండి పెట్టని యజమాని చేతనే ఒంటె విలువకు రెట్టింపు కట్టించారు. పనివాడికి నెలల తరబడి జీతం బకాయి పెట్టి, గల్లాపెట్టెలో వంద తగ్గిందని కేకలేసే ముస్లిం యజమానులు ఈ తీర్పును రెండుసార్లు చదువుకోవాలి.

అయితే దయకు ఉన్న హద్దు పక్షపాతానికి దాటడానికి వీల్లేదు. ఉన్నత వంశపు మఖ్జూమీ స్త్రీ దొంగతనం చేసి పట్టుబడితే, ఆమె కోసం సిఫారసు చేయడానికి వచ్చిన ఉసామా (రజి)ని దైవప్రవక్త (స) మందలించారు. గొప్పవాడు దొంగిలిస్తే వదిలేసి, బలహీనుడు దొంగిలిస్తే శిక్షించడం వల్లనే పూర్వ జాతులు నాశనమయ్యాయని, తన కుమార్తె ఫాతిమా అయినా శిక్ష తప్పదని ప్రకటించారు.

ఈ శిక్షలు విధించే అధికారం ఇస్లామీయ ప్రభుత్వానిదీ న్యాయమూర్తిదీ మాత్రమే. మనం నివసించే దేశంలో భారతీయ న్యాయ సంహిత అమలులో ఉంది. దాని 303వ సెక్షను ప్రకారం దొంగతనానికి మూడేళ్ళ వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. సొత్తు విలువ 5 వేల రూపాయల లోపు ఉండి, మొదటిసారి దోషిగా తేలి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే సమాజసేవే శిక్ష. నివాసగృహం, ప్రార్థనాస్థలం వంటి చోట్ల దొంగతనమైతే ఏడేళ్ళ వరకు పడవచ్చు. పనివాడు యజమాని సొత్తు తీసినా ఏడేళ్ళ వరకు జైలూ జరిమానా. ఆ ఆటో సోదరుని కొడుకు మీద ఉన్నది ఈ చివరి సెక్షనే.

దొంగ దొరికాడని వీధిలో కట్టేసి కొట్టే అధికారం ఏ ధర్మమూ ఏ చట్టమూ ఎవరికీ ఇవ్వలేదు. 2018లో కేరళ అట్టప్పాడిలో బియ్యం దొంగిలించాడని ఒక గిరిజన యువకుణ్ణి కొట్టి చంపారు. 2019లో ఝార్ఖండ్‌లో బండి దొంగ అని ఒక ముస్లిం యువకుణ్ణి స్తంభానికి కట్టి గంటల తరబడి కొట్టారు, కొన్నాళ్ళకే అతను చనిపోయాడు. రెండు కేసుల్లోనూ 2023లో శిక్షలు పడ్డాయి. రెండోదానికి కంటతడి పెట్టి మొదటిదానికి పెట్టకపోతే మనం తోమా బంధువుల పక్కనే నిలబడినట్టు.

తప్పు చేసినవాడికి వకీలు

ఇప్పుడు అసలైన చిక్కు ప్రశ్న. నిజంగా తప్పు చేసినవాడికి న్యాయసహాయం కల్పించడం పాపమా?

నేరం చేసినవాడికి కూడా హక్కులున్నాయి. చేసిన నేరానికే శిక్ష పడాలి గానీ, చెయ్యనిదానికి పడకూడదు. చట్టం చెప్పినంతే పడాలి గానీ, అంతకు మించి పడకూడదు. లాకప్‌లో దెబ్బలు తినకూడదు. ఈ హక్కుల కోసం మాట్లాడే వకీలు న్యాయానికే తోడ్పడుతున్నాడు. నిందితుల తరఫున వాదించకూడదని కొన్ని చోట్ల న్యాయవాదుల సంఘాలు తీర్మానాలు చేసినప్పుడు, అలాంటి తీర్మానాలు చెల్లవని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోవాడి మాట వినకుండా తీర్పు చెప్పవద్దన్న ప్రవక్త (స) ఉపదేశం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

పాపం ఎక్కడ మొదలవుతుంది? దొంగసాక్షిని తెచ్చినప్పుడు, దొంగ కాగితం పుట్టించినప్పుడు, లంచం ఇచ్చినప్పుడు, నేరాన్ని పక్కనున్న మరో పనివాడి మీదకు నెట్టినప్పుడు, సొత్తు తన దగ్గరే ఉంచుకొని ప్రమాణం చేసినప్పుడు. తనకు వ్యతిరేకంగా తాను సాక్ష్యం చెప్పనక్కర్లేదని రాజ్యాంగం 20వ అధికరణం హామీ ఇస్తోంది. మౌనం అబద్ధం కాదు. తన పాపాన్ని నలుగురి ముందు చాటుకోకుండా అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడే అవకాశం ఇస్లాం కూడా ఇచ్చింది. కానీ మౌనంగా ఉండటం వేరు, ఇతరుణ్ణి బలిపెట్టడం వేరు. నిర్దోషి ఒకడు తన బదులు జైలుకు వెళ్తుంటే చూస్తూ ఊరుకునేవాడి మౌనం అబద్ధం కన్నా చెడ్డది.

ఇంకొక సంగతి మరవకూడదు. కోర్టు కేసు కొట్టేసినంత మాత్రాన సొత్తు హలాల్ అయిపోదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. తానూ మనిషినేనని, ఇద్దరు వాద్యుల్లో ఒకడు మాటకారి అయి ఉండవచ్చని, విన్నదాన్ని బట్టి తాను తీర్పు ఇచ్చినా, సోదరుని హక్కును పొందినవాడు నిప్పు ముక్కను తీసుకున్నట్టేనని దైవప్రవక్త (స) చెప్పారు. సాక్షాత్తూ ప్రవక్త (స) తీర్పే ఇతరుల సొత్తును హలాల్ చేయలేనప్పుడు, మేజిస్ట్రేటు తీర్పు చేస్తుందా? వకీలు మనిషిని జైలు నుంచి తప్పించగలడు. దాసుల హక్కు నుంచి తప్పించలేడు. సొత్తును యజమానికి చేర్చాలి, లేదా ఆయన చేత మాఫీ చేయించుకోవాలి. ఆ యజమాని ఏ మతస్థుడైనా సరే.

రాజీకి కూడా దారి ఉంది. సఫ్వాన్ బిన్ ఉమయ్యా (రజి) తన దుప్పటి దొంగిలించినవాణ్ణి ప్రవక్త (స) ముందుకు తెచ్చి, శిక్ష ఖాయమయ్యాక క్షమిస్తానన్నారు. నా దగ్గరకు తేకముందే ఆ పని చేసి ఉండవలసిందని ఆయన (స) అన్నారు. క్షమించదలచినవాడు ముందే ఆలోచించాలి. సాధారణ దొంగతనం కేసుల్లో సొత్తు యజమాని రాజీపడే వీలు మన చట్టంలోనూ ఉంది.

గల్లాపెట్టె సంగతి

ఆ తండ్రికి నేను చెప్పిన చివరి మాట ఒకటే. "ఇంటికెళ్ళి అబ్బాయిని గదిమి అడగొద్దు. పక్కన కూర్చోబెట్టుకొని, నువ్వు ఏం చేసినా నీ తండ్రినే, నాకు నిజం చెప్పు అని అడగండి."

మూడు రోజుల తర్వాత ఆయన మళ్ళీ వచ్చారు. ఫోన్లు తాను తియ్యలేదని అబ్బాయి ఏడుస్తూ చెప్పాడట. ఆ తర్వాత అడగకుండానే మరొకటి కూడా చెప్పాడట. అయిదారుసార్లు గల్లాపెట్టెలో నుంచి వంద, రెండు వందలు తీసుకున్నాడు. మొత్తం కలిపితే వెయ్యి పై చిల్లర.

ఆ తండ్రి ముఖంలో ఉన్నది భయమో ఊరటో చెప్పలేను. "పెద్ద నింద అబద్ధం, చిన్న తప్పు నిజం. ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు. రెండూ చెయ్యాలి. అబద్ధమైన నిందను చివరిదాకా ఎదిరించాలి. నిజమైన తప్పుకు సొమ్ము తిరిగి ఇవ్వాలి. ఆ అబద్ధం సాకుతో ఈ నిజాన్ని దాచకూడదు, ఈ నిజానికి సిగ్గుపడి ఆ అబద్ధాన్ని ఒప్పుకోకూడదు.

న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆయనకు ఒక వకీలు దొరికారు. ఆమెకు ఏదీ దాచకుండా చెప్పమన్నాను. కేసు నడుస్తుండగా అబ్బాయి స్వయంగా వెళ్ళి ఒప్పుకుంటే, ఆ మాటే ఫోన్ల నిందకు బలమవుతుందని ఆమె హెచ్చరించారు. ఆమె సలహా మీద, ఇరుపక్షాలకూ తెలిసిన ఒక పెద్దమనిషి చేతికి తండ్రి ఆ సొమ్ము ఇచ్చారు. తీసుకున్న సొమ్మును పేరు చెప్పకుండా చేర్చినా బాధ్యత తీరుతుందని ధర్మశాస్త్రవేత్తలు చెప్పారు. ఆ పెద్దమనిషి వెళ్ళి, ఇది మీకు రావలసిన డబ్బు అని యజమానికి ఇచ్చారు. యజమాని లెక్కపెట్టి తీసుకున్నాడు. ఎవరు పంపారని అడగలేదట.

కేసు ఇంకా నడుస్తూనే ఉంది. దాని తీర్పు ఎలా వస్తుందో అల్లాహ్‌కే తెలుసు. కానీ ఆ ఇంట్లో ఒక తీర్పు ఇప్పటికే జరిగిపోయింది. ఆ అబ్బాయి ఇప్పుడు ఫజర్‌కు తండ్రి పక్కనే నిలబడుతున్నాడు.

నిర్దోషులను అపనిందల నుంచి కాపాడమని, మన చేతులను పరాయి సొత్తు నుంచి, మన నాలుకలను అబద్ధపు సాక్ష్యం నుంచి దూరంగా ఉంచమని, మనవాళ్ళకు వ్యతిరేకంగానైనా సరే న్యాయం పక్షాన నిలబడే ధైర్యాన్ని ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకుందాం. ఆమీన్.